కేర్ వీసా మీద ఉన్నవాళ్లకు వినిపించే తప్పుడు సలహాలు

"యూనియన్ జోలికి పోకమ్మా, వీసా పోతుంది."

బ్రిటన్‌లో కేర్ వర్కర్‌గా దిగిన రెండో రోజున నాకు అందిన మొదటి సలహా ఇది. చెప్పినావిడ మంచి మనిషి. భీమవరం వైపు ఆమె, నాకంటే ఏడాది ముందు వచ్చింది. నేనింకా పెట్టె విప్పకముందే అన్నం వండి పెట్టింది. ఆ మాట ఆమెకు ఎవరో చెప్పారు, వాళ్లకు ఇంకెవరో చెప్పారు. అలా నోటి మాటగా వచ్చినదాన్ని నేను పద్నాలుగు నెలలు కళ్లకద్దుకుని పాటించాను. ఆ పద్నాలుగు నెలల్లో నాకు రావాల్సిన జీతంలో ఎంత రాలేదో లెక్కేసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నేను అదే పనిలో ఉంటూ మా బ్రాంచిలో యూనియన్ రెప్ (ప్రతినిధి)గా చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో మనవాళ్లుంటారు, మలయాళీలుంటారు, నైజీరియా, జింబాబ్వేల నుంచి వచ్చినవాళ్లుంటారు. భాష వేరైనా అందరూ మోసుకొచ్చే సలహాలు మాత్రం ఒకటే. వాటిని ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను, ఎందుకు వినకూడదో చెబుతున్నాను. వీటిలో కొన్ని మనవాళ్లు మనకు చెప్పేవి. కొన్ని యూనియన్లో పెద్దలు తమకు తాము చెప్పుకునేవి. ఈ రెండో రకమే ఎక్కువ ప్రమాదం.

మొదటి సలహా సంగతి చూద్దాం. యూనియన్‌లో చేరినంత మాత్రాన వీసా పోయే నిబంధన ఎక్కడా లేదు. యూనియన్ సభ్యత్వం వల్లనో, యూనియన్ పని చేసినందుకో ఉద్యోగం నుంచి తీసేయడం 1992 నాటి చట్టం ప్రకారం తప్పు. మామూలుగా అన్యాయంగా తీసేశారని కేసు వెయ్యాలంటే కొంతకాలం సర్వీసు నిండాలి, కానీ యూనియన్ కారణంగా తీసేస్తే ఆ షరతు వర్తించదు. చట్టబద్ధంగా జరిగే సమ్మెలో పాల్గొన్న రోజుల్ని జీతం లేని గైర్హాజరు కింద లెక్కేసి వీసా మీదికి తేకూడదని 2018లో ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లోనే చేర్చారు. క్రమశిక్షణ విచారణకు పిలిచినా, మీరే ఫిర్యాదు పెట్టి మీటింగుకు వెళ్లినా పక్కన యూనియన్ మనిషిని కూర్చోబెట్టుకునే హక్కు 1999 చట్టం ఇచ్చింది. మీ కంపెనీ ఆ యూనియన్‌ను గుర్తించిందా లేదా అన్నది దీనికి అడ్డు కాదు. "మా దగ్గర యూనియన్ లేదు" అని మేనేజర్ అంటే, "నాకుంది" అని మీరు చెప్పొచ్చు.

అయినా ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అందులో ఒక నిజం ఉంది, దాన్ని కాదనే యూనియన్ మనిషిని నమ్మకండి. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు హెల్త్ అండ్ కేర్ వీసా దారి తెరిచారు. ఆ వీసా ఒక యజమాని పేరు మీద ఉంటుంది. అతనికి హోమ్ ఆఫీసు ఇచ్చిన స్పాన్సర్ లైసెన్సు ఉంటేనే మన వీసాకు ప్రాణం. అతను ఉద్యోగం తీసేసి హోమ్ ఆఫీసుకు చెప్పినా, అతని లైసెన్సే రద్దయినా, మన వీసా గడువును మామూలుగా 60 రోజులకు కుదిస్తారు. ఆ 60 రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదంటే దేశం వదలాలి. అందుకే రోటా (పని వేళల పట్టిక) మీద చిన్న ప్రశ్న వేసినా మా పాత మేనేజర్ "నీ స్పాన్సర్‌షిప్ సంగతి గుర్తుంచుకో" అనేవాడు. పనిమనిషి పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకునే కువైట్ ఇళ్ల గురించి మా కోనసీమ ఆడవాళ్లు చెబితే విన్నాను. ఇక్కడ పాస్‌పోర్టు మన దగ్గరే ఉంటుంది, తాళంచెవి మాత్రం యజమాని దగ్గర ఉంటుంది.

కాబట్టి భయపడటం తెలివితక్కువ పని కాదు. భయపడి ఒంటరిగా ఉండిపోవడమే తప్పు. ఒక్కరు అడిగితే ఆ ఒక్కరినీ తీసేస్తారు. రోటాలో ఉన్న ముప్పై మందీ ఒకే కాగితం మీద సంతకం పెట్టి అడిగితే, రేపు పొద్దున్న ఏడు గంటలకు మంచం మీద ఉన్న ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టేదెవరు? యజమానికి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. ఒకవేళ యూనియన్ కారణంగానే తీసేస్తే వారం రోజుల్లోపు ట్రిబ్యునల్‌కు తాత్కాలిక ఉపశమనం కోసం దరఖాస్తు పెట్టొచ్చు, అసలు విచారణ తేలేదాకా ఉద్యోగ ఒప్పందం కొనసాగించమని ట్రిబ్యునల్ ఆదేశించే వీలుంది. ఆ దరఖాస్తుకు యూనియన్ అధికారి సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. వారం అంటే వారమే. ఎనిమిదో రోజున నాకు ఫోన్ చేసి ఏడ్చినవాళ్లున్నారు. అందుకే యూనియన్‌లో ముందే చేరమంటాను. గొడవ మొదలయ్యాక చేరినవాళ్లకు పాత గొడవ మీద లాయర్ సాయం చాలా యూనియన్లు ఇవ్వవు.

"అయిదేళ్లు ఎలాగోలా ఓర్చుకో, పీఆర్ వచ్చేస్తుంది. అప్పుడు ఎవరికీ తలవంచక్కర్లేదు."

ఈ సలహా ఇంటి నుంచి వస్తుంది. పొలం తాకట్టు పెట్టి పంపిన నాన్న, బంగారం కుదువ పెట్టిన అత్తగారు చెప్పే మాట ఇది. వాళ్లను ఎలా తప్పు పట్టగలం? కానీ ఈ అయిదేళ్ల లెక్క ఇప్పుడు నిలిచేలా లేదు. డిగ్రీ స్థాయి కంటే తక్కువగా లెక్కేసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు, అంటే కేర్ వర్కర్లకు, శాశ్వత నివాసానికి, అంటే ఆ పీఆర్‌కు, పట్టే కాలాన్ని 15 ఏళ్లకు పెంచాలని 2025 నవంబరులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రతిపాదించింది. అయిదేళ్లు మెడ వంచుకుని బతకడానికి సిద్ధపడ్డ మనిషిని పదిహేనేళ్లు వంచుకోమని అడిగితే, ఆ మనిషి సగం జీవితం అందులోనే పోతుంది. భార్యాపిల్లల్ని తెచ్చుకునే దారి కూడా 2024 మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లకు మూసేశారు. ఏలూరులో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లను వీడియో కాల్‌లో మాత్రమే చూసే తల్లి మా ఇంట్లోనే ఉంది.

ఇదే సమయంలో ఇంకో మార్పు వచ్చింది, దాన్ని మనవాళ్లు గమనించడం లేదు. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తెచ్చుకునే దారి మూతపడింది. ఇప్పటికే ఈ దేశంలో ఉండి స్పాన్సర్ మారాలనుకునేవాళ్లకు మాత్రం 2028 జూలై దాకా గడువిచ్చారు. మన మీద పడ్డ దెబ్బగానే అందరూ దీన్ని చూశారు, నిజంగా దెబ్బే. కానీ యజమాని వైపు నుంచి చూడండి. "నువ్వు కాకపోతే హైదరాబాద్ నుంచి ఇంకో పదిమంది వస్తారు" అనే బెదిరింపు ఆ రోజుతో చచ్చిపోయింది. శిక్షణ పూర్తయి, హాయిస్ట్‌తో మనిషిని ఎత్తడం తెలిసి, మందుల చార్టు నింపడం వచ్చి, ఊళ్లో దారులన్నీ తెలిసిన మనిషిని వదులుకుంటే ఇంకొకరు దొరకడం కష్టం. బేరం ఆడటానికి మనకు ఇంతకంటే మంచి కాలం ఇంతవరకు రాలేదు. ఓర్చుకోమనే సలహా ఈ కాలాన్ని వృథా చేస్తుంది.

ఇక డబ్బు విషయం. "ఏజెంటుకు కట్టిన సొమ్ము సంగతి ఇక్కడ ఎత్తకు. అది అక్కడి వ్యవహారం, పైగా నువ్వూ ఇరుక్కుంటావ్." అమీర్‌పేటలో కన్సల్టెన్సీ నడిపే మనుషులు నేర్పి పంపే మాట ఇది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, విమానం ఎక్కేదాకా తమ్ముడూ చెల్లెమ్మా అని పిలిచినవాళ్లు ఆ తర్వాత ఫోనే ఎత్తరు. అసలు నిజం ఇది. బ్రిటన్‌లో ఉద్యోగం చూపించినందుకు పనివాడి దగ్గర ఫీజు తీసుకోవడం 1973 నాటి చట్టం నుంచే నేరం. ఇండియాలో విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. యజమాని ఒక్కో మనిషికి తీసుకోవాల్సిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కు, మన భాషలో సీఓఎస్‌కు, 2024లో హోమ్ ఆఫీసు తీసుకున్న రుసుము 239 పౌండ్లు. ఆ కాగితాన్ని మనవాళ్లు 15 లక్షలకు, 20 లక్షలకు కొనుక్కున్నారు. 2024 డిసెంబరు 31 నుంచి అయితే సీఓఎస్ రుసుమునూ లైసెన్సు ఖర్చులనూ పనివాడి మీద వెయ్యకూడదని స్పష్టంగా నిబంధన పెట్టారు.

కట్టినవాళ్లు నేరస్థులు కాదు, బాధితులు. డబ్బు చేతులు మారిన సాక్ష్యం దాచిపెట్టుకోండి: బ్యాంకు రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, కన్సల్టెన్సీ మెసేజ్‌లు, ఏదైనా సరే. ఒక్కరి దగ్గర ఉన్న రసీదుతో పెద్దగా పని కాదు. మా బ్రాంచిలో ఏడుగురి రసీదులు పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు వెళ్లిన ఖాతాలు రెండే రెండని తేలింది. అప్పటిదాకా "మాకేం సంబంధం" అన్న కంపెనీ ఆ తర్వాత మాట మార్చింది.

దీనికి తోబుట్టువు ఇంకో సలహా ఉంది. "ముందే మానేస్తే నాలుగైదు వేల పౌండ్లు కట్టాలని కాంట్రాక్టులో రాసుంది, సంతకం పెట్టావు కదా, కట్టాల్సిందే." ఆ నిబంధన రాసినంత మాత్రాన చెల్లదు. విదేశీ నియామకాల మీద ఇంగ్లండ్ కోసం బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన ప్రవర్తనా నియమావళి ప్రకారం ఇలాంటి తిరిగి చెల్లింపు నిబంధన ముందే స్పష్టంగా చెప్పినదై ఉండాలి, నిజంగా అయిన ఖర్చుకు తగినట్టుండాలి, పని చేసిన కాలంతో పాటు తగ్గుతూ రావాలి, మనిషి పరిస్థితిని బట్టి సడలించాలి. చట్టం ప్రకారం యజమానే భరించాల్సిన ఖర్చును అందులో కలపకూడదు. తన లాభం కోసం యజమాని కోసుకునే కోత వల్ల జీతం కనీస వేతనం కిందికి పోవడం సాధారణంగా చట్టవిరుద్ధం. ఒక మనిషి ఉద్యోగం మానేసిన రోజున, ఆ మనిషి కోసం మాత్రమే ఈ పోరాటం మొదలుపెట్టే యూనియన్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. అందరి కాంట్రాక్టులూ ముందే తెప్పించుకుని, ఆ నిబంధనను అందరికీ ఒకేసారి కొట్టేయమని అడగాలి.

నా పద్నాలుగు నెలల లెక్క అన్నాను కదా, అదేమిటో చెబుతాను. "ఇంటి నుంచి ఇంటికి వెళ్లే సమయానికి జీతం ఇవ్వరు, ఇక్కడ పద్ధతే అంత" అని మాకు నేర్పారు. ఇళ్లకు వెళ్లి చేసే కేర్ పనిలో రోజు ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పొద్దున ఏడింటికి మొదటి కాల్, అంటే మొదటి ఇంటికి వెళ్లడం. ఆ పెద్దావిడకు పక్షవాతం. ఇద్దరం కలిసి హాయిస్ట్‌తో ఎత్తాలి, ఒళ్లు తుడవాలి, ప్యాడ్ మార్చాలి, టీ, టోస్ట్, మందులు. అరగంట. కారెక్కి పన్నెండు నిమిషాలు. తర్వాతి కాల్ మతిమరుపు జబ్బున్న తాతయ్యది, పదిహేను నిమిషాలు రాసి ఉంటుంది. ఆయన తలుపు తీయడానికే అయిదు నిమిషాలు పడుతుంది, నేను ఎవరో గుర్తు చేయడానికి ఇంకో మూడు. అలా రాత్రి పదింటి దాకా. ఇల్లు వదిలి పదిహేను గంటలు. యాప్‌లో నమోదయ్యేది మాత్రం గుమ్మంలోకి వెళ్లినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా ఉన్న సమయమే, అది తొమ్మిది గంటలు. కాల్స్ మధ్య డ్రైవింగ్ రెండున్నర గంటలు.

లెక్క వెయ్యండి. గంటకు 12.82 పౌండ్లు అని సీఓఎస్‌లో రాసుంది. తొమ్మిది గంటలకు 115.38 వస్తుంది. కానీ నేను పని చేసింది, ప్రయాణంతో కలిపి, పదకొండున్నర గంటలు. భాగిస్తే గంటకు 10.03. 2025 ఏప్రిల్‌లో ఈ దేశపు కనీస వేతనం 12.21 అయింది. అంటే కాగితం మీద కనీస వేతనం కంటే ఎక్కువ ఇస్తున్నట్టు కనిపించే కంపెనీ, నిజంలో గంటకు రెండు పౌండ్లకు పైగా తక్కువ ఇచ్చింది. మధ్యలో కారులో కూర్చుని ఊరికే ఎదురుచూసే ఖాళీల గురించి వాదనలుంటాయి, వాటిని ఈ లెక్కలో కలపలేదు. పనిలో భాగంగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయం కనీస వేతనం లెక్కలోకి వస్తుందన్న దానిలో మాత్రం సందేహం లేదు. లండన్‌లో హారింగే కౌన్సిల్ కోసం పనిచేసిన కాంట్రాక్టర్ల దగ్గర ఉన్న పదిమంది హోమ్‌కేర్ వర్కర్ల తరఫున యునిసన్ యూనియన్ కేసు నడిపి 2020లో గెలిచింది. అందరికీ కలిపి లక్ష పౌండ్లకు పైగా వచ్చింది.

రాత్రి ఇళ్లలో పడుకుని కాపలా కాసే షిఫ్టుల విషయంలో మాత్రం 2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. మెలకువగా ఉండి పని చేసిన సమయానికే కనీస వేతనం అన్నారు. చట్టంతోనే అన్నీ సాధించలేమని దీనర్థం. కోర్టు ఇవ్వనిది బేరంలో తెచ్చుకోవాలి.

రోజూ ఇంటికొచ్చాక అయిదు నిమిషాలు వెచ్చించండి. మొదటి కాల్ ఎప్పుడు, చివరి కాల్ ఎప్పుడు, మధ్య దూరాలెంత అని ఒక నోట్‌బుక్‌లో రాయండి. కంపెనీ యాప్ నుంచి రోటా స్క్రీన్‌షాట్లు తీయండి, ఎందుకంటే ఉద్యోగం పోయిన రోజే యాప్ లాగిన్ కూడా పోతుంది. కానీ మీ పేషెంట్ల పేర్లూ జబ్బుల వివరాలూ బయటికి తేకండి, అది నేరం కావచ్చు. ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు ఇంతవరకు మూడు నెలలకు ఒక రోజు తక్కువగా ఉంటూ వచ్చింది, 2025 నాటి ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం దాన్ని ఆరు నెలలకు పెంచుతోంది. మీ విషయంలో ఏది వర్తిస్తుందో రెప్‌ని అడగండి, గడువు ఉంది కదా అని మాత్రం కూర్చోకండి.

గంటలే ఇవ్వకపోతే? వారానికి 39 గంటలని సీఓఎస్‌లో రాసి, వచ్చాక 12 గంటలు ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. "పని లేనప్పుడు జీతం ఎలా అడుగుతావ్" అన్నది దానికి తోడొచ్చే సలహా. ఒప్పందంలో రాసిన గంటలకు పని చూపించాల్సిన బాధ్యత యజమానిది. సీఓఎస్ కాపీ మీకు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. అందులో జీతం, గంటలు రాసి ఉంటాయి.

ఇప్పుడు యూనియన్ వాళ్లు తమకు తాము చెప్పుకునే సలహాకు వస్తాను. దీని గురించే నేను ఎక్కువ గొడవపడ్డాను.

"వీళ్లు దుర్మార్గులు. హోమ్ ఆఫీసుకు రాసి లైసెన్సు రద్దు చేయిద్దాం."

వినడానికి న్యాయంగా ఉంటుంది. మంచి మనుషులే ఈ మాట అంటారు. కానీ ఈ దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు దాకా కేర్ రంగంలో 470కి పైగా స్పాన్సర్ లైసెన్సులు రద్దు చేశామని బ్రిటిష్ ప్రభుత్వమే చెప్పింది. ఆ స్పాన్సర్లతో ముడిపడ్డ పనివాళ్లు 39,000 మందికి పైగా. యజమాని కంపెనీ మూసి ఇంకో పేరుతో తెరుచుకోవచ్చు. పనివాడికి మాత్రం 60 రోజులే. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు, ఫిర్యాదు రాసిన యూనియన్ ఆఫీసర్‌కు ఆ 60 రోజుల బరువు తెలియదు.

పక్క ఊళ్లో ఇది నా కళ్ల ముందే జరిగింది. ఇంకో యూనియన్ బ్రాంచి వాళ్లు మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేశారు, లైసెన్సు పోయింది. ఇరవై మందికి పైగా ఉత్తరాలు అందుకున్నారు. అందులో ఒకతను, వరంగల్ అబ్బాయి, ఎమ్మెస్సీ పూర్తి చేసి స్టూడెంట్ వీసా నుంచి కేర్ వీసాకు మారినవాడు, నాకు ఫోన్ చేసి అడిగాడు: "అక్కా, మా తరఫునే కదా వీళ్లు ఫిర్యాదు చేసింది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదేంటి?" నా దగ్గర జవాబు లేకపోయింది.

అంటే ఫిర్యాదే చేయకూడదని కాదు. పాస్‌పోర్టు లాక్కున్నా, కొట్టినా, గదిలో బంధించినా, లైంగికంగా వేధించినా ఆలోచించే పనే లేదు, వెంటనే పోలీసులకు చెప్పాలి. మిగతా వాటిలో ముందు పనివాళ్లంతా కూర్చోవాలి. ఎవరి వీసా ఎప్పటిదాకా ఉంది, ఎవరి భార్యాపిల్లలు వాళ్ల వీసా మీద ఉన్నారు, ఎవరికి ఏ అర్హత ఉంది, చుట్టుపక్కల ఏ స్పాన్సర్లకు మనుషులు కావాలి, ఇవన్నీ ఒక కాగితం మీద ఉండాలి. విదేశాల దారి ఇంకా మూతపడని 2025 ఏప్రిల్‌లోనే, ఇంగ్లండ్‌లో కేర్ యజమానులు బయటి నుంచి మనుషుల్ని తెచ్చుకోకముందే, స్పాన్సర్ కోల్పోయి ఇక్కడే ఉన్న పనివాళ్లలో వెతకాలని నిబంధన పెట్టారు. వాళ్లకు కొత్త స్పాన్సర్లను కలపడానికి ప్రాంతాల వారీగా భాగస్వామ్య బృందాలకు డబ్బిచ్చారు. ఆ బృందంతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఓటేసి, అందరూ సరేనన్నాకే ఫిర్యాదు. నిర్ణయం బ్రాంచి సెక్రటరీది కాదు, వీసా ఎవరిదో వాళ్లది.

లైసెన్సు పోతుందన్న భయం యజమానికీ ఉంటుంది, మనకంటే తక్కువేం కాదు. ఆ భయాన్ని ఫిర్యాదుగా ఖర్చు పెట్టేస్తే ఒక్కసారే పనికొస్తుంది. బేరంలో పెడితే చాలాసార్లు పనికొస్తుంది. మేం కంపెనీ ముందు పెట్టిన కాగితంలో నాలుగే నాలుగు అడిగాం: ప్రతి ఒక్కరికీ సీఓఎస్ కాపీ, రాసిన గంటలకు జీతం గ్యారంటీ, ప్రయాణ సమయం పేస్లిప్‌లో వేరే గడిలో చూపించడం, తిరిగి చెల్లింపు నిబంధన కొట్టివేత. ఇవి చేయకపోతే తర్వాత ఎక్కడికి వెళతామో వాళ్లకు మేం చెప్పాల్సిన అవసరం రాలేదు.

"యజమానితో తేల్చుకుంటే చాలు" అన్నది కూడా సగం సలహానే. ఇంగ్లండ్‌లో ముసలివాళ్లకు ఇంటికొచ్చి చేసే కేర్‌లో చాలా భాగం కొనేది స్థానిక కౌన్సిల్. గంటకు ఇంత అని కౌన్సిల్ రేటు కడుతుంది, ఆ రేటులో ప్రయాణ సమయం ఇమడకపోతే యజమాని మన జీతంలో కోస్తాడు. అందుకని ఒత్తిడి రెండు చోట్లా పడాలి. 2012లో యునిసన్ ఎథికల్ కేర్ చార్టర్ అని ఒకటి తెచ్చింది. హడావిడి పదిహేను నిమిషాల కాల్స్ మానాలని, ప్రయాణ సమయానికి జీతం ఇవ్వాలని, గంటల గ్యారంటీ లేని ఒప్పందాలు పోవాలని అందులో ఉంది. లండన్‌లో సదర్క్, ఇజ్లింగ్టన్ లాంటి కౌన్సిళ్లు సంతకం చేశాయి. మీ కౌన్సిల్ చేసిందో లేదో కనుక్కోండి. చేసి ఉంటే ఆ కాగితం పట్టుకుని కౌన్సిలర్ దగ్గరకు వెళ్లండి. చేయకపోతే ఎందుకు చేయలేదో అడగండి. ఓటు హక్కు మనకూ ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, సరైన వీసాతో బ్రిటన్‌లో ఉంటున్న భారతీయులు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ఇది తెలియని మనవాళ్లే ఎక్కువ. మా కౌన్సిలర్ స్వరం ఈ విషయం తెలిశాక మారింది.

2025 డిసెంబరులో వచ్చిన ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం ఇంగ్లండ్ కేర్ రంగం మొత్తానికి జీతాలూ షరతులూ మాట్లాడే ఒక సంప్రదింపుల మండలికి దారి వేసింది. అందులో పనివాళ్ల తరఫున యూనియన్లు కూర్చుంటాయి. వీసాను ఒక్క యజమానికి కాకుండా మొత్తం రంగానికి ముడిపెట్టాలని యునిసన్ ఎప్పటి నుంచో అడుగుతోంది. ఆ కోరిక నెరవేరేదాకా పైన చెప్పిన భయాలన్నీ ఏదో ఒక రూపంలో ఉంటాయి.

"ఓనర్ మనవాడే, తెలుగాయన, గొడవ ఎందుకు?" అంటారు. మనవాడైతే మన జీతం ఇవ్వడానికి ఇంకా బాగా ముందుకు రావాలి.

ఇంకొకటి, యూనియన్ మిత్రులతో నేను తరచూ వాదించేది. "వలస వచ్చినవాళ్లు మీటింగులకు రారు, వాళ్లకు ఆసక్తి లేదు" అంటారు. మంగళవారం సాయంత్రం ఆరింటికి కౌన్సిల్ భవనంలో మీటింగ్ పెడితే, ఆ సమయానికి రాత్రి భోజనం కాల్స్‌లో ఉండే మనిషి ఎలా వస్తుంది? మేం ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, కాల్స్ మధ్య ఖాళీలో, గుడికీ చర్చికీ దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ హాల్లో పెట్టాం. కాగితం తెలుగులోనూ మలయాళంలోనూ వేశాం. మొదటి వారం తొమ్మిది మంది, నాలుగో వారానికి ముప్పై నాలుగు మంది.

చివరగా, "మన విషయాలు ఇక్కడి తెల్లవాళ్లకు చెప్పొద్దు, మేనేజర్‌కు మోస్తారు" అన్న సలహా. ఇది నన్ను చాలాకాలం ఆపింది. మా టీంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఒక ఇంగ్లిష్ ఆవిడ ఉంది. ప్రయాణ సమయం జీతం అప్పట్లో ఆమెకూ వచ్చేది కాదు. మా ఉమ్మడి ఫిర్యాదు కాగితం ఆమె చదివి, పెన్ను తీసుకుని అందరికంటే పైన తన పేరు రాసింది. "నన్ను ఏ దేశానికి పంపుతారు?" అంది. వీసా అవసరం లేనివాళ్లు ముందు వరసలో నిలబడితే వెనక వరసలో ఉన్న మా వీసాలకు కాపు దొరుకుతుంది. స్థానికుల సంతకాలు లేకుండా వలస పనివాళ్ల పేర్లతో మాత్రమే కాగితం పంపే యూనియన్ వాళ్లను ప్రమాదంలోకి నెడుతోంది.

మా కంపెనీ నాలుగు డిమాండ్లలో మూడింటికి ఒప్పుకుంది. తిరిగి చెల్లింపు నిబంధన ఇంకా కాంట్రాక్టులో ఉంది, దాని మీద వచ్చే నెల మళ్లీ కూర్చుంటున్నాం. ప్రయాణ సమయం మాత్రం ఇప్పుడు పేస్లిప్‌లో వేరే గడిలో వస్తోంది. భీమవరం అక్క పోయిన వారం యూనియన్‌లో చేరింది.

ఇది చదువుతున్న మీరు కేర్ వీసా మీద ఉంటే, ఈ రాత్రే మీ చివరి మూడు పేస్లిప్‌లూ రోటాలూ పక్కపక్కన పెట్టి గంటకు మీకు నిజంగా ఎంత వస్తోందో భాగించి చూడండి. ఆ అంకెను మీతో పాటు డబుల్-అప్ (ఇద్దరు కలిసి చేసే) కాల్స్‌కు వచ్చే మనిషికి చూపించండి. ఆమె అంకెను కూడా అడగండి. ఇద్దరూ కలిసి యూనియన్ రెప్‌కు ఫోన్ చేయండి.